ఈశాన్యంగా నలభై రెండు అంగలు

నా 1995 డైరీలో జూన్ పదిహేడో తేదీ పుటలో, సాయంత్రం ఆరు గంటల యాభై రెండు నిమిషాలకు చేసిన నమోదు ఇది: "కొత్త ధ్వని. రెల్లు లోపలి నుంచి. నిమిషానికి పంతొమ్మిది సార్లు. ఉష్ణోగ్రత ఇరవై ఒకటిన్నర. జంతువు కనిపించలేదు."

ఆ సాయంత్రం చొక్కా జేబులో పెట్టుకున్న బెల్లంముక్క వానకు కరిగి బొత్తాం దాకా కారిందని రాయలేదు. రెల్లు మొదళ్ళ దగ్గర పచ్చి ఏలక్కాయ వాసన వేసిందనీ రాయలేదు. ఇప్పుడు తలచుకోకుండానే గుర్తుకొచ్చేవి ఈ రాయనివే. రాసినవాటిని మాత్రం పుట తిప్పి చదువుకోవలసి వస్తోంది.

నేను శాస్త్రవేత్తను కాను. బెంగళూరులో ఒక పరిశోధనాలయంలో, కప్పల మీద పనిచేసే విభాగంలో సాంకేతిక సహాయకుణ్ణి. మా పూర్వులు నాలుగు తరాల క్రితమే ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డ తెలుగువారు. మడివాళ సంతవీధి వెనక మా ఇల్లు. కప్పలను భద్రపరిచే సీసాలకు చీటీలు రాయడం, రిజిస్టరులో ఎక్కించడం, అడవిలో టేపురికార్డరు మోయడం, దాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం, చోటు, ఉష్ణోగ్రత బిగ్గరగా చదవడం నా ఉద్యోగం. కప్ప కూత వేగం గాలి వేడిని బట్టి మారుతుంది. ఉష్ణోగ్రత చెప్పని టేపు ఎంత స్పష్టంగా ఉన్నా పోలికకు పనికిరాదు. పదిహేనేళ్ళలో నేను ఉష్ణోగ్రత చెప్పని టేపు ఒక్కటీ లేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

మా విభాగాధిపతిని అందరం మేడమ్ అనేవాళ్ళం. చీటీ విషయంలో ఆమెది ఒకటే సూత్రం. "చోటు సరిగ్గా రాయని సీసా, ఊరగాయ జాడీ రెండూ ఒకటే. ఊరగాయైతే తినడానికైనా పనికొస్తుంది" అనేవారు. యాభై ఏళ్ళ తరువాత ఎవరో ఒకరు మన చీటీ పట్టుకుని వెళితే, మనం నిలబడ్డచోటే నిలబడగలగాలి. అది ఆమె కోరిక. నా స్వభావానికి అది సరిగ్గా సరిపోయింది.

ఆ ధ్వని విన్నచోటు మల్నాడు కొండల్లో ఒక కాఫీ ఎస్టేటు అడుగుభాగం. ఫిబ్రవరిలో కాఫీ పూతకు నీళ్ళు చల్లడానికి వాగు పక్కన పంపుహౌసు కట్టారు. దాని వెనక ఎకరం కూడా లేని చిత్తడి. అందులో వాటె అని అక్కడివారు పిలిచే సన్న వెదురు రెల్లు మనిషెత్తున అల్లుకుని ఉండేది. రెల్లు దాటితే అడవి. ఎస్టేటు యజమాని అరవై దాటిన మర్యాదస్తుడు. పంపుహౌసులో పడుకోవడానికి మాకు అనుమతి ఇచ్చి, మొదటి రోజే అరటిగెల పంపాడు.

ఆ సంవత్సరం మూడు సాయంత్రాలు విన్నాను. తొలకరి తరువాత పది రోజులో పన్నెండు రోజులో మాత్రమే, అదీ పొద్దు గుంకే వేళ సుమారు నలభై నిమిషాలు మాత్రమే అది కూసేది. గోడగడియారానికి తాళంచెవి తిప్పితే వచ్చే చప్పుడు లాంటిది. ముందు ఒకటి, ఆగి, వెంటవెంటనే మూడు. వింటే పక్కనే ఉన్నట్టుంటుంది. అడుగు వేస్తే ఇంకో పక్కకు పోతుంది.

మూడోనాడు నేను మోకాలి లోతు బురదలో వంగి వెతుకుతుంటే, పని ముగించుకుని పోతున్న కూలీల గుంపు గట్టు మీద ఆగింది. వారి మేస్త్రీ, అంటే కూలీలను పనికి పెట్టి అజమాయిషీ చేసే మనిషి, నాకన్నా అయిదారేళ్ళు పెద్ద. పంపు నడిపేదీ అతనే. ఏం వెతుకుతున్నారని కన్నడంలో అడిగాడు. కప్ప అని కన్నడంలోనే చెప్పాను. అతను గుంపు వైపు తిరిగి తెలుగులో అన్నాడు:

"కప్ప కోసరమంటప్పా! బెంగళూరులో కప్పలు అయిపోయినట్టుండాయి."

అందరూ నవ్వారు. నేను నడుము ఎత్తకుండానే తెలుగులో జవాబిచ్చాను.

"అయిపోలేదప్పా. మా వీధి మోరీలో కావాల్సినన్ని ఉండాయి. ఇది వేరే జాతి."

అతను నాలుక కరుచుకున్నాడు. "అయ్యయ్యో, మీరు మనోళ్ళేనా! ముందే చెప్పకూడదా సార్, ఇంగా రెండు మాటలు జాస్తి అనేసుందును."

వారి పెద్దలు అనంతపురం వైపు నుంచి కాఫీపనికి వలస వచ్చారట. అతను పుట్టింది ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలోనే. ఇంటి మాట మాత్రం మా అవ్వ మాటే. ఆ మాట వల్ల నాకు కలిగిన చనువు మరెవరి దగ్గరా కలగలేదు.

కనిపించని కప్పను పట్టడానికి మాకు ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మనుషులు పది అంగల ఎడంగా నిలబడతారు. కూత వినగానే ఇద్దరూ కళ్ళు మూసుకునే చేయి చాపి చూపిస్తారు. రెండు చేతుల గీతలు కలిసేచోట కప్ప ఉంటుంది. మరుసటి ఏడు జూన్‌లో ఈ పద్ధతి మేస్త్రీకి నేర్పాను. మొదటి సాయంత్రం ఇద్దరి గీతలూ పంపుహౌసు గోడ మీద కలిశాయి. అతను పగలబడి నవ్వాడు. "మోటారు కింద గూడు పెట్టిందేమో సార్, బిల్లు కట్టమని చెప్దాము." ఏడో సాయంత్రం మాత్రం, నేను టార్చి తిప్పకముందే, అతను ఒక రెల్లుకాడ కణుపు దగ్గర వేలు ఆనించి ఊపిరి బిగబట్టాడు.

"ఇదో సార్, మీ గడియారం."

బొటనవేలి గోరంత కప్ప. ఎండిన రెల్లు రంగు. కళ్ళ వెనక పసుపు గీత. గొంతు కింద సంచి సబ్బునురగ బుడగలా ఉబ్బి తగ్గుతోంది. మేస్త్రీ చాలాసేపు చూసి, "ఇంతదానికి అంత గొంతా! మా ఇంటిదాన్ని మించిపాయ" అన్నాడు. ఈ మాట కూడా నా టేపులో పడింది. ఆనాటి ఉష్ణోగ్రత ఇరవై.

1995లో మూడు, 1996లో తొమ్మిది, 1997లో పది, 1998లో ఏడు. మొత్తం ఇరవై తొమ్మిది సాయంత్రాలు. సాయంత్రానికి నలభై నిమిషాల చొప్పున పంతొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నా జీవితంలో ఆ కప్పను నేను విన్న కాలం అంతే. ఒక పూర్తిరోజు కూడా కాలేదు. ఈ లెక్క చాలాసార్లు వేశాను. తప్పు దొరికి ఒక సాయంత్రమైనా పెరుగుతుందేమోనని.

జాతికి పేరు పెట్టాలంటే ఒక దేహం కావాలి. పెట్టిన పేరు ఎప్పటికీ ఆ దేహానికే కట్టుబడి ఉంటుంది. మేడమ్ మూడింటికి మించి పట్టవద్దన్నారు. రెండు మగవి, ఒక ఆడది. మత్తుమందు కలిపిన నీళ్ళలో వాటిని నేనే ఉంచాను, అవి కదలిక మానేదాకా నేనే కూర్చున్నాను. ఆల్కహాలులో సిరా కరిగిపోతుంది కనుక చీటీ పెన్సిలుతో రాయాలి. పంపుహౌసు వాకిలి నుంచి ఈశాన్యంగా నలభై రెండు అంగలు అని రాశాను. బెంగళూరు వచ్చాక మా పరిశోధనాలయం నడవలో వంద అంగలు నడిచి కొలిచాను. డెబ్బై నాలుగు మీటర్లు. అంటే నలభై రెండు అంగలకు ముప్పై ఒక్క మీటరు. రిజిస్టరులో రెండూ ఎక్కించాను.

వ్యాసం చిత్తుప్రతిలో మేడమ్ ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపారు. "ఎస్టేటు దగ్గరి ఊరి పేరు, ఎత్తు రాశాం కదా. పంపుహౌసు, అంగలు కూడా అవసరమా?"

"ఊరగాయ జాడీ అని మీరే అంటారు కదా, మేడమ్."

ఆమె నవ్వి ఉంచేశారు. ఆ వాక్యం అచ్చులోకి వెళ్ళడానికి కారణం నేను. దీన్ని మరెవరి మీదా పెట్టలేను.

1998 చివర్లో వ్యాసం వచ్చింది. నా పేరు మూడోది. ఆ సాయంత్రం ఇంటికి వెళితే నా భార్య పాయసం కలుపుతోంది. ఏమిటి విశేషం అన్నాను. "నామకరణమైతే పాయసం చెయ్యరా? నాలుగేండ్లు మోసినారు, సుమ్నే అట్లే ఊరుకుంటారా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వారమే నేను ఒక పని చేశాను. వ్యాసం ప్రతి ఒకటి తీసుకుని, అందులోని చిన్న పటాన్ని చార్టు కాగితం మీద పెద్దదిగా నా చేత్తో గీశాను. పంపుహౌసు, వాగు, రెల్లు, నలభై రెండు అంగల గీత. ఎర్ర సిరాతో చుక్క. ఎస్టేటు యజమానికి కన్నడంలో ఉత్తరం రాశాను: "తమ తోటలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇంతవరకు కనిపించని జీవి తమ సంరక్షణలో ఉన్నది." కృతజ్ఞత చెప్పడానికి ఇంతకన్నా మంచి వాక్యం నాకు తట్టలేదు. రిజిస్టర్డు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగి వచ్చింది.

1999 జూన్ పన్నెండున వెళ్ళాను. పంపుహౌసు వెనక అల్లం మడులు ఉన్నాయి. వరుసగా, ఎత్తుగా, గడ్డి పరిచి, చక్కగా. చిత్తడి నీళ్ళను వాగులోకి దింపడానికి నడుముల్లోతు కాలువ తవ్వారు. నరికిన రెల్లు కట్టలు పంపుహౌసు గోడకు ఆనించి ఉన్నాయి. మేస్త్రీ కనిపించలేదు.

యజమాని వరండాలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. మేము కన్నడంలోనే మాట్లాడుకున్నాం.

"మీ ఉత్తరం నా దగ్గరే ఉంది. పటానికి అద్దం కట్టించి హాల్లో పెడదామనుకున్నాను. మా అల్లుడు చూశాడు. అతను వకీలు. 'ఇదేమిటి మామా, ప్రపంచంలో ఇంకెక్కడా లేదని అచ్చు వేసేశారు? రేపు అటవీశాఖవాళ్ళు వచ్చి కంచె వేస్తే మీ పంపు దగ్గరికి మీరే అర్జీ పెట్టుకుని పోవాలి' అన్నాడు."

"అట్లా జరగదండి. ఎవరూ రారు."

"మీరు వస్తారనుకున్నానా నేను? వచ్చారు కదా." కోపం లేకుండానే అన్నాడు. "నలభై రెండు అంగలని రాశారు. ఆ నలభై రెండు అంగల్లో నా మోటారు, నా పైపులు, నా నీళ్ళు ఉన్నాయి. తోటకి అదొక్కటే నీరు."

"ఒక్క మాట నాకు రాసి ఉంటే బాగుండేది."

"రాస్తే ఏం చేసేవారు? అచ్చయింది వెనక్కి తీసుకునేవారా?"

అతను చెడ్డవాడు కాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్టాండు దాకా జీపు ఇచ్చి, అరకిలో కాఫీపొడి పొట్లం చేతిలో పెట్టాడు. జీపు ఎక్కేముందు ఒక్క సాయంత్రం ఉండడానికి అనుమతి అడిగాను. ఇచ్చాడు. పంపుహౌసు వాకిలి నుంచి ఈశాన్యంగా నలభై రెండు అంగలు నడిచి, రెండు మడుల మధ్య కాలిబాటలో నిలబడ్డాను. ఆరు నలభై నుంచి ఏడు ముప్పై దాకా. వాన కూడా వచ్చింది. అడవి అంచున వేరే రెండు జాతుల పొదకప్పలు కూశాయి. వాటి పేర్లు రాశాను. దాని పేరు పక్కన సున్న పెట్టాను.

ఆ సెప్టెంబరులో ఒకరోజు మా గేటు దగ్గరి సెక్యూరిటీ ఫోన్ చేసి, "కప్పల సార్ కావాలంట, ఎవరో వచ్చుండారు" అన్నాడు. మేస్త్రీ. చేతిలో గోనెసంచి, గడ్డం మాసి ఉంది. క్యాంటీనుకు తీసుకెళ్ళి చిత్రాన్నం పెట్టించాను. సగం తిన్నాక చెప్పాడు.

"ఓనరు పొమ్మనలేదు సార్ నన్ను. 'బయటోళ్ళకు దావ చూపించేవాడు నాకొద్దు' అన్యాడు. పొమ్మనేదీ అదే, ఇదీ అదే."

"నా వల్ల అయిందప్పా."

"మీ వల్ల ఎందుకవుతుంది? ఆ కాలవ తవ్వించింది నేను. పదకొండుమంది, ఆరు దినాలు. మార్చినెల ఎండ." పళ్ళెంలో వేరుశెనగ గింజలు పక్కకు తీసి పెడుతున్నాడు. "రెల్లు నరికేటప్పుడు చూస్తానే ఉంటిని సార్, గుడ్లు ఏమైనా ఉండాయా అని. ఎండాకాలం గదా, ఉండవు గదా?"

"ఉండవు."

"పెద్దవి? అవి ఎండాకాలం యాడ దాంకుంటాయి?"

బోలు రెల్లు కణుపుల్లో. పురుగులు తొలిచిన రంధ్రం గుండా లోపలికి పోయి, మళ్ళీ తొలకరి దాకా. 1997 ఏప్రిల్‌లో ఒక కాడ చీల్చి నా కళ్ళతో చూశాను; తేదీ కూడా చెప్పగలను. అతను పళ్ళెం వైపే చూస్తున్నాడు.

"తెలీదప్పా" అన్నాను.

అతని చెల్లెలి కుటుంబం వైట్‌ఫీల్డ్‌లో కట్టడం పనుల్లో ఉంది. కంప్యూటరు కంపెనీల కోసం లేస్తున్న ఒక భవనం దగ్గర అతనికి కాపలా పని దొరికింది. నేను నెలకొక ఆదివారం వెళ్ళేవాణ్ణి. బస్సులో రాను పోను మూడు గంటలు. పునాది కోసం తవ్విన గోతిలో వాననీళ్ళు నిలిచి, బోదురుకప్పలు గోల పెట్టేవి. మేము ఇటుకల దిమ్మె మీద కూర్చుని వినేవాళ్ళం. ఆ కప్పల్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. బెంగళూరులో ఏ గోతిలోనైనా ఉంటాయి. అయినా అలవాటు కొద్దీ ఇద్దరం కళ్ళు మూసుకుని చేతులు చాపేవాళ్ళం. గీతలు కలిసేవి. భవనం పూర్తయ్యాక కూడా వెనక ఖాళీస్థలంలో ఒక గుంట మిగిలింది.

"సాఫ్టువేరు పిల్లోళ్ళు కారు దిగి అడగతారు సార్. మన తెలుగోళ్ళే. 'అంకుల్, ఈ సౌండ్ ఏంది, ఆపలేరా' అంటారు. స్విచ్చి నా దగ్గర లేదు నాయనా, ఆఫీసులో అడుగు అంటిని."

ఒకసారి ఉన్నట్టుండి అతను నాలుకతో ఆ కూత కూశాడు. ఒకటి, ఆగి, మూడు. ఎంత బాగా వచ్చిందంటే నేను తల తిప్పి వెనక్కి చూశాను. అతను నవ్వలేదు. మళ్ళీ ఎప్పుడూ కూయలేదు.

1999 నుంచి 2004 దాకా ఆరు వానాకాలాలు మేము ఆ కొండల్లో రెల్లున్న చిత్తడి నేలలు దాదాపు అన్నీ వెతికాం. మొత్తం ముప్పై ఏడు చోట్లు. వాటిలో పద్నాలుగు చోట్ల రెల్లు మిగల్లేదు. మిగిలిన ఇరవై మూడింటిలో అది లేదు. ఈ వెతుకులాటకు మేస్త్రీని రమ్మన్నాను. "నేను దావ చూపిస్తే ఏమైందో చూసినారు గదా" అని రానన్నాడు.

2005లో అతని భార్యకు బెంగళూరు నీళ్ళు పడడం లేదని తిరిగి కొండలకు వెళ్ళిపోయాడు. వేరే తోటలో వాచరు పని. ఏ తోట అని అడిగాను. "ఆ పక్కే సార్" అన్నాడు. అంతకుమించి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

మరుసటి ఏడు పాత కేసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. ఇరవై తొమ్మిది సాయంత్రాల్లో టేపు తిరిగింది మొత్తం గంటా నలభై నిమిషాలే. మిగిలిన పదిహేడు గంటల నలభై నిమిషాలూ బ్యాటరీ ఆదా కోసం ఆపి ఉంచాను. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని వింటే ముందు నా గొంతు వినిపిస్తుంది. తేదీ, సమయం, ఉష్ణోగ్రత, పరీక్ష హాల్లో నంబరు చదువుతున్నట్టు. ఆ తరువాత వాన, మేస్త్రీ దగ్గు. ఆ తరువాత అది. తెర మీద ప్రతి కూతా ఒక నిలువు గీతగా కనిపిస్తుంది. సెకనుకు నాలుగువేలకు పైబడిన కంపనాలు. ఆ పని రెండు వారాల్లో అయిపోవాలి. అయిదు వారాలు చేశాను. ఒక కేసెట్టును మూడుసార్లు ఎక్కించాను. శబ్దం సరిగా రాలేదని రిజిస్టరులో రాశాను. శబ్దం బాగానే వచ్చింది. నా రిజిస్టరులో అది ఒక్కటే అబద్ధం.

2007 ఏప్రిల్‌లో మా విభాగానికి కొత్తగా వచ్చిన పరిశోధకురాలు ఒక ఫారం పట్టుకొచ్చింది. అంతరించే ప్రమాదంలో ఉన్న కప్పజాతుల వివరాలు సేకరిస్తున్నారు.

"సార్, దీన్ని చివరిసారి ఎప్పుడు విన్నారు?"

"1998 జూన్ ఇరవై ఏడు. ఏడు గంటల ఇరవై నిమిషాలకు."

"ఆ తరువాత ఏ రికార్డూ లేదా?"

"లేదమ్మా."

"అయితే లుప్తమై ఉండవచ్చు అనే గడిలో పెడతాను. పాపం. ఇంకోచోట దొరికి ఉంటే ఆ చోటును కాపాడమని గట్టిగా అడగవచ్చు సార్, ఇప్పుడు కొంచెం వింటున్నారు పైవాళ్ళు." ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆమె వయస్సులో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

ఆ జూన్ ఇరవైన, నేను మడివాళలో బస్సు దిగి మార్కెట్టు మధ్య నుంచి ఇంటికి నడుస్తున్నాను. చేతిలో కూరగాయల సంచి. సమయం ఆరు యాభై అయిదు. మొబైలు మోగింది. మేస్త్రీ. అతను ఫోన్ చేయడం అరుదు. ఎప్పుడు చేసినా కేక పెట్టినట్టు మాట్లాడతాడు. ఆరోజు గుసగుసగా మాట్లాడాడు.

"సార్. మాట్లాడొద్దు. ఇదో, వినండి."

పూలకొట్టు పక్కన గోడకు ఒదిగి, ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవికి ఫోను అదిమి పెట్టుకున్నాను. వాన వినిపించింది. ఆకుల మీద పడే వాన. వెనక ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. ఇంకేమీ లేదు. ఒక నిమిషం పది సెకన్లు అట్లాగే నిలబడ్డాను.

"వినపడిందా సార్? ఎట్లా అరస్తా ఉండాది చూడండి! రెండుండాయి. కాదు, మూడు!"

మాట్లాడే మాటకు ఎంత కావాలో అంతవరకే ఫోను మోస్తుంది. సెకనుకు మూడున్నరవేల కంపనాలకు పైనున్న శబ్దాన్ని అది వదిలేస్తుంది. ఆ కప్ప గొంతు మొత్తం దానికి పైనే ఉంది. ఇది నాకు బాగా తెలుసు. అతని చెవి దగ్గర మూడు కప్పలు కూస్తుంటే నా చెవికి వాన తప్ప మరేమీ చేరదని తెలిసి కూడా ఫోను తీయలేకపోయాను.

"వినపడిందప్పా" అన్నాను.

"చెప్తిని గదా! యాడుండాదో చెప్పేదా? రాసుకోండి."

జేబులో పెన్ను ఉంది. చిన్న నోటుబుక్కు ఎప్పుడూ ఉంటుంది. అతను ఏమీ చెప్పకముందే నా బుద్ధి పని మొదలుపెట్టేసింది. పారే నీరు ఉంది, ఫోనుకు సిగ్నలు ఉంది, వాలు పడమటికి ఉండాలి, ఆ పక్కే అన్నాడు. ముప్పై ఏడు చోట్ల జాబితా కళ్ళముందు తిరిగింది; మేము చూడనివి రెండో మూడో మిగిలాయి. ఇంకొక్క మాట వింటే చాలు, నాకు తెలిసిపోతుంది. తెలిస్తే రాస్తాను. రాయకుండా ఉండడం నాకు చేతకాదు. రాసింది మేడమ్‌కు చూపిస్తాను, రిజిస్టరులో ఎక్కుతుంది, ఆ అమ్మాయి ఫారంలో గడి మారుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తోటకూ ఒక యజమాని ఉంటాడు. అతనికీ ఒక అల్లుడు ఉంటాడు.

ఆ అమ్మాయి చెప్పినట్టే జరగవచ్చు కూడా. కంచె పడి, రెల్లు నిలిచి, కప్పలు బతకవచ్చు. నేను చేసింది తప్పో ఒప్పో ఈనాటికీ తేల్చుకోలేదు.

"వద్దప్పా, చెప్పొద్దు" అన్నాను.

"వస్తారని గదా చేస్తిని" అన్నాడు. "గొడుగు కూడా ఇంకోటి తెచ్చి పెట్టుండాను ఇంట్లో."

"రానప్పా."

"ఒక్క పొద్దు. రాయకుండా రాండి. నోటుబుక్కు మీ ఇంటామె దగ్గర పెట్టేసి రాండి."

"నా సంగతి నీకు తెలుసు."

"తెలుసు లే" అని నవ్వాడు. ఆ నవ్వు సరిగా వినపడలేదు, లైను పోయింది. నేను ఇంటికి వెళ్ళి సంచి దించితే నా భార్య ముఖం చూసి ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, ఉన్నారు అన్నాను.

2008లోనూ ఫోన్ చేశాడు. జూన్ పదహారు, ఆరు యాభై ఎనిమిది. రెండు నిమిషాలు వాన విన్నాను. అయిదు కూస్తున్నాయని చెప్పాడు. చోటు ప్రసక్తి ఇద్దరం తేలేదు. ఉష్ణోగ్రత ఎంత ఉంటుందని అడిగాను. "చలిగా ఉండాది సార్, కంబళి కప్పుకున్యాను" అన్నాడు. డైరీలో ఉష్ణోగ్రత దగ్గర కంబళి అని రాశాను.

ఈ ఏడు, 2009, ఇవాళ జూన్ ఇరవై ఎనిమిది. కొండల్లో వాన మొదలై పద్దెనిమిది రోజులైందని పేపరులో చూశాను. అది కూసే పది పన్నెండు రోజులూ దాటిపోయాయి, ఫోను రాలేదు. అతని నంబరు నా దగ్గర ఉంది. చేస్తే ఎత్తుతాడు, లేదా ఎవరో ఎత్తి విషయం చెబుతారు. కానీ ఈసారి గనుక అతను అడిగితే, పెన్ను తీయకుండా ఉండగలనన్న నమ్మకం నాకు లేదు. యాభై రెండేళ్ళు వచ్చాయి. ఇరవై తొమ్మిది ముప్పై కావాలని ఉంది. ఒక్క సాయంత్రం, నలభై నిమిషాలు. మొత్తం సరిగ్గా ఇరవై గంటలవుతుంది.

ఇక్కడ సూర్యాస్తమయం ఆరు నలభై తొమ్మిదికి. ఇప్పుడు ఆరు నలభై అయిదు. నా భార్య వాకిట్లో లైటు వేసి, రోజూలాగే, ఏమీ అడగకుండా, మొబైలు చార్జింగు నుంచి తీసి తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది.